యుద్ధం ముగిశాక ఆ స్త్రీలు ఎలా బతికారు?

యుద్ధకాలంలో స్త్రీలు చేసిన పని అనగానే ఇంగ్లండు, అమెరికా ఫ్యాక్టరీలలో విమానాల విడిభాగాలు బిగిస్తున్న మహిళల ఫోటోలే మనకు గుర్తుకొస్తాయి. అదే రెండవ ప్రపంచ యుద్ధంలో మన దేశపు స్త్రీలు భూమి లోపల బొగ్గు మోశారన్న సంగతి మాత్రం ఇక్కడ విజయవాడలో చరిత్ర చదువుకున్నవారి మధ్య కూడా అరుదుగా వినిపిస్తుంది.

తూర్పు భారతంలోని ఝరియా, రాణిగంజ్ బొగ్గు గనులలో భర్త బొగ్గు తవ్వితే భార్య దానిని తట్టలకెత్తి మోసేది. ఇద్దరి కష్టమూ కలిస్తేనే ఆ ఇల్లు గడిచేది. భూగర్భంలో స్త్రీల పనిని 1937లో ప్రభుత్వం నిషేధించింది. యుద్ధం వచ్చాక, సైనిక నిర్మాణ పనులలో మెరుగైన కూలి దొరకడంతో కార్మికులు గనులు విడిచి వెళ్లారు. బొగ్గు కొరత ముంచుకొచ్చేసరికి 1943లో ఆ నిషేధాన్ని ఎత్తివేసి స్త్రీలను మళ్లీ గనుల్లోకి దింపారు. అప్పుడు వైస్రాయి కార్యవర్గంలో కార్మిక శాఖను చూస్తున్నది డాక్టర్ అంబేద్కర్. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో సభ్యురాలు రేణుకా రే ఈ నిర్ణయాన్ని గట్టిగా వ్యతిరేకించగా, స్త్రీపురుషులకు సమాన వేతనం ఏర్పాటు చేశామని ఆయన సమాధానమిచ్చారు. 1946 ఫిబ్రవరి 1 నుంచి నిషేధం తిరిగి అమల్లోకి వచ్చింది.

రేణుకా రే అభ్యంతరం న్యాయమైనదేనని నా అభిప్రాయం. ఆ పనిలోకి ఏ స్త్రీనీ పంపకూడదు. అయితే నిషేధంతోపాటే మరో పని కూడా చూపించవలసింది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల బతుకు ఎరిగినవారికి, ఒక్క సీజను కూలి పోతే ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సైన్యంలోనూ దాదాపు ఇదే జరిగింది. 1942లో ఏర్పడిన విమెన్స్ ఆక్సిలరీ కోర్‌లో వేలాది స్త్రీలు గుమాస్తాలుగా, టెలిఫోన్ ఆపరేటర్లుగా పనిచేశారు. యుద్ధానంతరం ఆ దళం రద్దయింది. వైద్య, నర్సింగ్ విభాగాలను మినహాయిస్తే, సైన్యంలో అధికారులుగా స్త్రీలకు మళ్లీ చోటు దొరికింది 1992లోనే.

మన కృష్ణా జిల్లా స్త్రీల పని ఏ ప్రభుత్వ లెక్కల్లోకీ రాలేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కమ్యూనిస్టులు అజ్ఞాతంలో ఉన్నప్పుడు, రహస్య స్థావరం ఇరుగుపొరుగుకు మామూలు కాపురంలా కనబడాలంటే అందులో ఒక గృహిణి ఉండాలి. వంట చేయడం, వచ్చిపోయేవారిని కనిపెట్టుకుని ఉండడం, ఎవరికీ అనుమానం రాకుండా నెట్టుకురావడం ఆ డెన్‌లలోని స్త్రీల వంతయ్యాయి. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు అలా అజ్ఞాతంలో గడిపినవారే. 1951లో పోరాట విరమణ జరిగింది. భర్త విడిచి వెళ్లాక ఆమె పెద్ద వయసులో చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి పొట్ట పోషించుకున్నారు. 2012లో వెలువడిన ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’లో పోరాట ఘట్టాల కన్నా ఈ బతుకుదెరువు కథే నన్ను ఎక్కువగా కలచివేసింది.

బెజవాడ చుట్టుపక్కల ఊళ్లలో అటువంటి స్త్రీల జ్ఞాపకాలు దాచుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లవారు పోరాటంలో వారు చేసిన పనితోపాటు, 1951 తర్వాత ఏ పని చేసి పిల్లలను పెంచారో కూడా రాసిపెట్టమని నా విన్నపం.