డ్యూటీకి ముందు రెండు నిమిషాలు

2021 మే నెలలో నేను కోవిడ్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. నా కింద పదకొండు మంది, సగం మందికి పాతికేళ్లు కూడా నిండలేదు. పీపీఈ కిట్ వేసుకునే గదిలో రోజూ ఒకటే అనుకునేదాన్ని: "నా చేతిలో ఉన్నది నేను చేస్తాను, మిగతాది వేంకటేశ్వరస్వామి చూసుకుంటాడు."

అందులో మొదటి సగం స్టోయిక్కులనే పాతకాలపు గ్రీకు, రోమన్ తత్వవేత్తల మాటేనని తర్వాత తెలిసింది. ఒకప్పుడు బానిసగా బతికిన ఎపిక్టెటస్ బోధ అది. ఆ బోధను తలకెక్కించుకున్న మార్కస్ ఆరీలియస్ క్రీ.శ. 161లో రోమ్ చక్రవర్తి అయ్యాడు. కొన్నేళ్లకే ఒకపక్క మహమ్మారి, ఇంకోపక్క డాన్యూబ్ నది సరిహద్దులో యుద్ధం. ఖజానా ఖాళీ అయితే జనం మీద కొత్త పన్ను వేయకుండా రాజభవనంలోని బంగారు పాత్రలు, భార్య పట్టుబట్టలు వేలం వేయించాడంటారు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అక్కడే. ఆయనా దేవుళ్లను నమ్మినవాడే.

ఒక రాత్రి మా చిన్న సిస్టర్ కళ్ల ముందే ఒక పేషెంట్ పోయాడు. "అక్కా, రేపట్నుంచి నేను రాను" అంది. గీత శ్లోకం నాలుక చివరిదాకా వచ్చింది, చెప్పలేదు. "నీ బెడ్లు నేను చూస్తాలే, కిట్ తీసేసి కాసిని నీళ్లు తాగి రా" అన్నాను.

అరగంటకు కొత్త కిట్‌లో వచ్చింది. మణికట్టు దగ్గర గ్లవ్‌కి టేపు నేనే చుట్టాను. తన చెయ్యి ఇంకా వణుకుతోంది. నాది కూడా.