వంతెన పాఠం: ఏ ముక్క సాగుతోంది, ఏ ముక్క నలుగుతోంది?

గర్డర్ (దూలం), ట్రస్ (త్రిభుజాలుగా కట్టిన చట్రం), ఆర్చ్ (కమాను), కేబుల్ అంటూ నాలుగు బొమ్మలు గీసి, కింద పేర్లు రాయిస్తే వంతెనల పాఠం బట్టీ పాఠమైపోతుంది. పేర్లు తర్వాత ఎలాగూ వస్తాయి. ముందు పిల్లల చేతికి ఒకే ప్రశ్న ఇవ్వాలి: పైన బరువు పడినప్పుడు ఇందులో ఏ ముక్క సాగుతోంది, ఏ ముక్క నలుగుతోంది? అయిదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు దీనికి జవాబు చేతులతోనే కనిపెట్టగలరు.

చూపించడానికి రాజమండ్రిని మించిన చోటు లేదు. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్ కం రైల్ వంతెన, 1997లో వాడకంలోకి వచ్చిన ఆర్చ్ వంతెన మూడూ అక్కడ గోదావరి మీదే ఉన్నాయి. హేవలాక్‌కు 45.7 మీటర్ల స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు, 56. ఆర్చ్ వంతెనకు దాదాపు 97.5 మీటర్ల స్పాన్లు 28. నది అదే అయినా స్పాన్లు ఎందుకు సగానికి తగ్గాయో పిల్లల్నే అడగండి. నీళ్లలో పునాది దింపడం ఖర్చుతో, కష్టంతో కూడిన పని కాబట్టి స్తంభాలు ఎన్ని తగ్గితే అంత మేలు. అయితే స్పాన్ పెరిగేకొద్దీ పైకట్టడం భారం పెరుగుతుంది. వంతెన రకాన్ని ఎంచుకోవడంలో అసలు తకరారు ఇదే.

గర్డర్‌కు బండ్లు కడిగే మందపాటి స్పాంజి చాలు. దాని పక్క గోడ మీద స్కెచ్ పెన్నుతో రెండేసి సెంటీమీటర్లకు ఒక నిలువు గీత గీయించండి. రెండు పుస్తకాల మీద ఆనించి మధ్యలో నొక్కితే, గీతలు పైన దగ్గరవుతాయి, కింద విడిపోతాయి, నడిమి ఎత్తులో దాదాపు కదలవు. ఉక్కు గర్డర్‌లో మందపాటి పలకలు పైనా కిందా పెట్టి, మధ్యలో సన్నపాటి రేకు ఎందుకు పెడతారో అక్కడే అర్థమవుతుంది. తర్వాత 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు ఇవ్వండి. వెడల్పు 3 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అయితే, పడుకోబెట్టినప్పటికన్నా అంచు మీద నిలబెట్టినప్పుడు అది వంద రెట్లు బిగువుగా ఉంటుంది. నిలబెట్టిన స్కేలు పక్కకు మెలితిరగడాన్ని కూడా చూడనివ్వండి. గర్డర్లను జంటగా పెట్టి, మధ్యలో అడ్డకమ్మీలు బిగించేది అందుకే.

ఎక్కువ సమయం ట్రస్‌కు కేటాయించండి. గట్టి అట్టపెట్టెను 2 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, చివరి నుంచి ఒక సెంటీమీటరు లోపల రంధ్రం చేసి, చిన్న బోల్టులతో కలపాలి. రంధ్రం అంచుకు మరీ దగ్గరైతే అట్ట చిరుగుతుంది. నాలుగు పట్టీల చతురస్రం వేలితో తోస్తే ఒరిగిపోతుంది, మూడు పట్టీల త్రిభుజం ఒరగదు. ఇప్పుడు పక్కపక్కనే నాలుగు చతురస్రాలు కట్టించండి. ప్రతిదానిలో ఒడ్డు వైపు పై మూల నుంచి నడిమి వైపు కింది మూలకు ఒక దారం బిగించండి. రెండు చివర్లూ ఆనించి, పక్కకు ఒరగకుండా ఇద్దరు పిల్లలు పట్టుకుని, కింద నడిమి కీలుకు బరువు వేలాడదీస్తే దారాలన్నీ బిగుసుకుంటాయి, ట్రస్ నిలుస్తుంది. అవే దారాలను ఎదురు మూలలకు మార్చి కట్టండి. ఈసారి దారం వదులై చతురస్రాలు ఒరిగిపోతాయి. దారం సాగుడుకే పనికొస్తుంది, నలుగుడుకు పనికిరాదు కాబట్టి ఏ ముక్క మీద ఏ బలం ఉందో అదే చెప్పేస్తుంది. ఇంతకన్నా మంచి పరికరం ఈ పాఠానికి దొరకదు.

ఐస్‌క్రీమ్ పుల్లలతో ట్రస్ వంతెన కట్టేటప్పుడు మోడళ్లు కూలేది చాలావరకు మూడు కారణాలతో. ఒకటి, ఫెవికాల్ లోపల ఆరకముందే బరువు పెట్టడం. బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వాలి. రెండు, పై వరస పుల్లలు విల్లులా వంగిపోవడం. అదే పుల్లను రెండు చేతులతో లాగితే తెగదు, రెండు చివర్లా నొక్కితే ఇట్టే వంగుతుంది. అందుకని పై వరసలో పుల్లలు జంటగా అతికించి, వంతెనకు రెండు పక్కలా ఉండే ట్రస్‌లను అడ్డపుల్లలతో కలపాలి. మూడు, రెండు కీళ్ల మధ్యలో బరువు వేలాడదీయడం. బరువు ఎప్పుడూ కీలు దగ్గరే పడాలి.

ఆర్చ్‌కు చార్టు పట్టీని కమానులా వంచి రెండు పుస్తకాల మధ్య ఇరికించి, పై నుంచి మెల్లగా నొక్కితే పుస్తకాలు పక్కలకు జరుగుతాయి. ఇప్పుడు కమాను రెండు పాదాలనూ దారంతో కలిపి కట్టి, ఆ పుస్తకాల మీదే ఆనించి మళ్లీ నొక్కండి. దారం బిగుస్తుంది, పుస్తకాలు కదలవు. రాజమండ్రి ఆర్చ్ వంతెనలో ఆ దారం పని చేసేది పట్టాలు మోసే కాంక్రీటు గర్డరే. అందుకే నది మధ్య స్తంభాల మీద పక్కకు తోసే బలం పడదు. పట్టీకి ఒక పక్కనే నొక్కితే రెండో పక్క ఉబ్బి కమాను చెదురుతుంది, ఆ లోపాన్నీ చూపించాలి.

కేబుల్‌కు రెండు మీటర్ల నూలు తాడు, ఒక లీటరు నీళ్ల సీసా చాలు. తాడు మధ్యలో సీసా కట్టి ఇద్దరు పిల్లలు చెరో చివర లాగాలి. తాడు నడుమ అర మీటరు కిందికి ఉంటే ఒక్కొక్కరూ కిలోకు కాస్త పైన లాగితే సరిపోతుంది. అయిదు సెంటీమీటర్లకు తేవాలంటే పది కిలోల బలం కావాలి. పూర్తిగా తిన్నగా చేయడం ఎవరి వల్లా కాదు. వేలాడే వంతెనలకు అంత ఎత్తు టవర్లు ఎందుకో ఇక వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గం చెరువు వంతెనకు నడిమి స్పాన్ సుమారు 234 మీటర్లు. దాని కేబుళ్లు పైలాన్ (టవర్) నుంచి ఏటవాలుగా నేరుగా రోడ్డుకే దిగుతాయి, నడుమ వేలాడే పెద్ద తాడు ఉండదు.

బరువు పరీక్షకు మోడల్ కింద బకెట్ కట్టి గ్లాసు గ్లాసుగా నీళ్లు పోయండి, ఒక్కసారిగా కుమ్మరించవద్దు. మొదలుపెట్టే ముందే పిల్లల్లో ప్రతి ఒక్కరూ మొదట విరుగుతుందనుకున్న పుల్లకు ఎర్ర గీత పెట్టాలి. విరిగాక ఆ ఒక్క పుల్లనే మార్చి, మర్నాడు ఆరాక మళ్లీ నీళ్లు పోయించండి.