సదస్సుకు స్లైడ్లు: మా విభాగంలో నాకెదురైన అనుభవం

మిరప పూతను నాశనం చేసే నల్ల తామర పురుగుల మీద నేను చేసిన పరిశీలనలను విజయవాడలో జరిగిన ఒక శాస్త్రీయ సదస్సులో వినిపించి, నిన్ననే గుంటూరు తిరిగి వచ్చాను. సారాంశం పంపడం, ఆమోదం రావడం, రుసుము కట్టడం ఏ చిక్కూ లేకుండా జరిగిపోయాయి. కష్టమంతా స్లైడ్ల దగ్గరే వచ్చింది.

ఈ పురుగు సంగతి మన జిల్లా రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దేశంలో తొలిసారి నమోదైన ఈ నల్ల తామర పురుగు (శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్), 2021 పంటకాలంలో మిరప పూతను రాల్చేసి, ఎందరి చేతనో తోటలు దున్నించింది. పాత తామర పురుగు లేత ఆకులను ఆశించి పై ముడత (ఆకులు పైకి ముడుచుకోవడం) తెస్తే, ఇది ముఖ్యంగా పువ్వులో చేరుతుంది. నాకిచ్చిన పది నిమిషాల్లో ఈ తేడా వినేవారి మనసుకెక్కాలన్నదే నా పట్టుదల. అందుకే స్లైడు పైన 'ఫలితాలు' అని ముక్తసరిగా రాయక, ఆ స్లైడు చెప్పే విషయాన్ని పూర్తి వాక్యంగా రాసి, కింద దానికి రుజువుగా ఒక్క ఫొటోనో గ్రాఫునో ఉంచాను. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ ఆలీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది.

సదస్సుకు ముందు మా విభాగంలో రిహార్సల్ పెట్టారు. వారం వారం పువ్వుకు ఎన్ని పురుగులున్నాయో చూపే గ్రాఫు తెరమీదికి రాగానే ఒక సీనియర్ ఆచార్యులు చేయెత్తి ఆపించి, "ఏమ్మా, ఇది బడిపిల్లల చార్టా? డేటా ఏదీ? ఇన్నాళ్లూ ఏం పని చేశావని అడగరా?" అని జూనియర్లందరి ముందు నిలదీశారు. పురుగులు వచ్చి అంటుకునే నీలి రంగు జిగురు అట్టలు పెట్టిన మళ్లకు ఒక గీత, పెట్టని మళ్లకు ఒక గీత; నా పట్టికలోని అంకెలన్నీ ఆ రెండు గీతల్లోనే ఉన్నాయని చెప్పబోతే వినలేదు. పట్టిక మొత్తం ఎక్కించమనీ, ప్రతి స్లైడుకూ సంస్థ చిహ్నం, రంగుల అంచు పెట్టమనీ ఆదేశించారు. అప్పటికప్పుడే పట్టికను తెరమీద చూపించి, చివరి వరుసలో కూర్చున్న అమ్మాయిని చదవమంటే ఒక్క అంకె కూడా చదవలేకపోయింది. "చదవక్కర్లేదు, ఉందని తెలిస్తే చాలు" అన్నారాయన. ఆ మాటకు నాకు కలిగిన బాధ ఇంకా తగ్గలేదు. ఎక్కడెక్కడి నుంచో ప్రయాణం చేసి వచ్చి కూర్చున్న మనిషికి కనబడని అంకెలు చూపించడం ఆ మనిషిని అవమానించడమే, ఎండలో పువ్వు పువ్వూ విప్పి లెక్కపెట్టిన శ్రమనూ అవమానించడమే.

మా గైడు మేడం మాత్రం, "పట్టికలను కృతజ్ఞతల స్లైడు తరువాత పెట్టుకో, అడిగితే తీసి చూపించు" అన్నారు. అదే చేశాను. చిహ్నాన్ని మొదటి స్లైడుకే పరిమితం చేశాను. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు సభలో ఉండవచ్చు కనుక గీతలకు నీలం, నారింజ రంగులు వేసి, ఏ గీత ఏ మళ్లదో దాని పక్కనే రాశాను. పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరే కాబట్టి ఫొటోలో కొలత గీత తప్పనిసరి. 'పై ముడత', 'కింది ముడత' వంటి రైతుల మాటలను యూనికోడ్‌లోనే టైపు చేశాను. డీటీపీ సెంటర్ల అను ఫాంట్లతో చేస్తే, అవి లేని కంప్యూటరులో అక్షరాలు అర్థం లేని గుర్తులైపోతాయి. పీడీఎఫ్ ప్రతి కూడా వెంట ఉంచుకోండి.

సదస్సులో ఒక శాస్త్రవేత్త, మడికీ మడికీ మధ్య తేడా ఎంత ఉందని అడిగారు. వెంటనే చివరనున్న పట్టిక తెరిచి, ఆయనకు కావలసిన వరుసను మాత్రమే పెద్దది చేసి చూపించాను. అది చూసి, అట్టలను పూత మొదలవక ముందే పెడితే ఎలా ఉంటుందని ఆయన మళ్లీ అడిగారు. వచ్చే పంటకాలంలో కొన్ని మళ్లను దానికోసమే కేటాయించమని మేడాన్ని అడిగాను, సరేనన్నారు.