కండెన్సర్‌లో గుల్లలు చేరకముందే

విద్యుత్ కేంద్రంలో ఆవిరిని చల్లబరిచి నీరుగా మార్చే కండెన్సర్‌కు నీళ్లు తెచ్చే కూలింగ్ వాటర్ లైన్లలోకి ఆల్చిప్పలు పెద్దవై రావు. మిల్లీమీటరులో పదో వంతు ఉండే లార్వాలుగా (పిల్లదశలో) వస్తాయి. నీరు లోపలికి వచ్చే చోట చెత్తను ఆపే తిరిగే జల్లెడ (ట్రావెలింగ్ స్క్రీన్) వాటిని ఆపలేదు. నీటి వేగం సెకనుకు 1.5 మీటర్లకన్నా తగ్గే చోట దారపు పోగులతో గోడకు అంటుకుంటాయి. ఏషియన్ క్లామ్ అనే మరో రకం గుల్లజీవి దారి వేరు: అది బురదలో పెరుగుతుంది. 1980లో అమెరికాలోని ఆర్కన్సా న్యూక్లియర్ వన్ అణువిద్యుత్ కేంద్రంలో కంటైన్‌మెంట్ కూలర్లకు (రియాక్టర్ భవనాన్ని చల్లబరిచేవి) అడ్డుపడింది ఇదే.

వీటిని చంపడానికి నీటిలో కలిపే క్లోరిన్ విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. రోజుకు అరగంట ఇచ్చే ఎక్కువ మోతాదు (షాక్ డోసు) గోడలకు పట్టే సూక్ష్మజీవుల బంకజిగురుకు సరిపోతుంది గానీ, పెరిగిన ఆల్చిప్పకు చాలదు. క్లోరిన్ తగలగానే అది గుల్ల బిగించుకుని రోజుల తరబడి ఉండగలదు. అందుకే నీటిలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్ (అవశేష క్లోరిన్) లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు, ఆపకుండా రెండు మూడు వారాలు ఉంచాలి. కొలత డోసింగ్ పాయింట్ దగ్గర కాదు, కండెన్సర్ అవుట్‌లెట్‌లో తీయండి. బయటికి వదిలే ముందు సోడియం బైసల్ఫైట్‌తో క్లోరిన్ తీసేయడం తప్పనిసరి. వేడినీరు తిప్పే ఏర్పాటుంటే 40 డిగ్రీల సెల్సియస్‌లో ఒక గంట చాలు, నాకైతే అదే మేలనిపిస్తుంది.

చచ్చిన గుల్లలు వెంటనే ఊడవు. తర్వాతి వారాల్లో విడతలుగా వచ్చి ట్యూబుల మూతుల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న గుల్ల పక్కన నీరు సన్నటి ధారగా దూసుకెళ్లి, అక్కడే ట్యూబు కోసుకుపోయి చిల్లు పడుతుంది. అన్ని రోజులూ చెత్తను ఆపే డెబ్రిస్ ఫిల్టర్ డీపీ (ముందూ వెనుకా పీడనంలో తేడా) మీద కన్నేసి ఉంచండి. నీరు కదలకుండా నిలిచి ఉండే, మంటలార్పే ఫైర్ వాటర్ లైన్లను కూడా మరవకండి.