255 చూపిన మీటర్, మామూలుగా వెలిగిన బల్బు

జగిత్యాలలో మా బాపుకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. డిగ్రీలో గణితం చదివే రోజుల్లో సెలవులకు వస్తే నేనూ అక్కడే కూర్చునేదాన్ని. ఒకరోజు ఒకాయన పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మోసుకొచ్చాడు. వోల్టేజీ ఎక్కువ వస్తోందని, టీవీ కాలిపోతుందేమోనని ఆయన టెన్షన్. బాపు మల్టీమీటర్ పెట్టి చూస్తే నిజంగానే 255.

బాపు ఇన్వర్టర్ విప్పలేదు. రెండు 100 వాట్ల బల్బులు తెచ్చి ఒకటి లైన్ కరెంటుకు, ఒకటి ఇన్వర్టర్‌కు తగిలించాడు. లైన్ మీద అదే మీటర్ 230 చూపింది. బల్బులు మాత్రం రెండూ ఒకేలా వెలిగాయి. "255 అయితే బల్బు ఇట్లుంటదా బిడ్డా? మీటర్లనే ఏదో ఉంది" అన్నాడు.

నేను చదివేదే ఆ లెక్క, ప్రమేయం (ఫంక్షన్) సగటు తీయడం. అయినా ఆరోజు నోరు పెగల్లేదు. హాస్టల్‌కు వెళ్ళాక కాగితం ముందేసుకున్నాను.

పది అంకెల సగటంటే కలిపి పదితో భాగిస్తాం. ప్రమేయానికి విలువలు అనంతం కాబట్టి దాని కింది వైశాల్యాన్ని సమాకలనితో (ఇంటిగ్రల్‌తో) కనుక్కుని, అంతరం పొడవుతో భాగిస్తాం. నాటు వేసే ముందు మడిని చదును చేస్తాం కదా, దిబ్బల మట్టి గుంటల్లోకి పోయి అంతా ఒక మట్టానికి వస్తుంది. ఆ మట్టమే సగటు.

ఇంటి కరెంటు సైన్ వేవ్, అంటే వోల్టేజీ అలలా నున్నగా ఎక్కి దిగుతుంది. శిఖరం 325 వోల్టులు, పైకి ఎంత పోతుందో కిందికీ అంతే. పూర్తి చక్రానికి సగటు తీస్తే సున్నా! కానీ బల్బు వెలుగుతోంది. ఎందుకంటే దాని వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, వర్గానికి రుణ విలువ లేదు. సైన్ వర్గం సగటు సరిగ్గా సగం. దాని వర్గమూలం 0.707, దాన్ని 325తో గుణిస్తే 230. మనం 230 అనేది ఈ సగటునే, ఆర్‌ఎంఎస్‌ను (రూట్ మీన్ స్క్వేర్, వర్గాల సగటుకు వర్గమూలం).

చవక మీటర్ వర్గాల జోలికి పోదు. కింది సగాన్ని పైకి తిప్పి మామూలు సగటు తీస్తుంది. సైన్ వేవ్‌కు అది శిఖరంలో 2/π వంతు, అంటే 207. దాన్ని లోపలే 1.11తో గుణించి 230 అని చూపిస్తుంది. వచ్చేది సైన్ వేవే అన్న నమ్మకంతో చేసే పని అది. స్క్వేర్ వేవ్ అలా మెల్లగా ఎక్కి దిగదు, +230 నుంచి −230కి ఒక్కసారిగా మారుతూ ఎప్పుడూ ఆ రెంటిలో ఒకదాని దగ్గరే ఉంటుంది. కింది సగాన్ని పైకి తిప్పినా సగటు 230, వర్గంతో తీసినా 230. దాన్నీ 1.11తో గుణిస్తే 255!

ఆ 255 కనపడగానే రాత్రి పదకొండింటికి బాపుకు ఫోన్ చేశాను. నిజంగా 255 ఉంటే బల్బుకు 23 శాతం దాకా ఎక్కువ పవర్ అందేదని, పక్కపక్కన పెడితే కంటికి తెలిసిపోయేదని చెప్పాను. అంతా విని, "అయితే బల్బే కరెక్టు" అన్నాడు.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. ఇంటర్ పిల్లలు సూత్రంలో విలువలు వేసి జవాబు రాసేస్తారు, అది దేని సగటో అడగరు. వోల్టేజీదా, దాని వర్గానిదా? నాకు అక్కడే బాధ. అందుకే ఆ పాఠం రోజు ఆ పాత మీటర్‌ను సంచిలో వేసుకుని పోతాను. దాని వెనక బాపు స్కెచ్ పెన్నుతో రాసింది ఇంకా చెరిగిపోలేదు: "ఇన్వర్టర్‌కు వద్దు".