చివరి గడిలో 1937

ఈ రోజు ఆదివారం. పొద్దుటి పనులన్నీ ముగిశాక, కొన్ని వారాలుగా చదువుతున్న పోలండ్ కమ్యూనిస్టు పార్టీ చరిత్రకు నోట్సు రాసుకుందామని కూర్చున్నాను. నాయకుల పేర్లు గుర్తుండాలని ఒక పట్టిక గీసి, పుట్టిన ఏడూ పోయిన ఏడూ వేస్తూ వెళ్లాను. అడాల్ఫ్ వార్‌స్కీ, 1868, 1937. మాక్సిమిలియన్ వాలెత్స్కీ, 1877, 1937. యూలియన్ లెన్స్కీ, 1889, 1937. మూడో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది.

1918 డిసెంబరులో వార్సాలో రెండు పార్టీల కలయికతో పుట్టి, మరుసటి ఏడాదే ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడానికి నిరాకరించి చట్టవిరుద్ధమైన ఆ పార్టీ, దాదాపు ఇరవై ఏళ్లు అజ్ఞాతంలోనే బతికింది. మన దగ్గర కూడా 1934 నుంచి 1942 దాకా కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండేది కనుక, మారుపేర్లూ రహస్య స్థావరాలూ తెలుగువారికి కొత్త కావు. 1926 మే నెలలో సైనిక నాయకుడు పిల్సూద్‌స్కీ అధికారం కోసం చేసిన తిరుగుబాటును బలపరచడం పోలండ్ పార్టీ చేసిన పెద్ద పొరపాటు. ఆయన పాలనే 1934లో, విచారణ లేకుండా మనుషులను నిర్బంధించే బెరెజా కార్తుస్కా శిబిరాన్ని తెరిచింది. అయినా ఆ పార్టీని తుడిచిపెట్టింది వార్సా పోలీసులు కాదు. మాస్కోలో తలదాచుకున్న నాయకులనూ, అక్కడికి పిలిపించిన వారినీ గూఢచారులన్న ముద్ర వేసి స్టాలిన్ ప్రభుత్వం చంపింది. 1938 ఆగస్టులో, మాస్కో కేంద్రంగా నడిచిన అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ కొమింటర్న్, పార్టీనే రద్దు చేసింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పార్టీ నాయకురాలు మరియా కోషుత్స్కా కథ. 1924లో మాస్కోలో, స్టాలిన్ ఎదుటే, ఎముకలు విరగ్గొట్టదగిన మాలాంటి వాళ్ల వల్ల మీకు ప్రమాదం లేదనీ, అసలు ఎముకలే లేనివాళ్ల వల్లనే ప్రమాదమనీ ఆమె చెప్పారు. 1939లో మాస్కో జైలులోనే కన్నుమూశారు. పోలీసు తూటాకు కాలు దెబ్బతిన్న, తర్వాతి కాలంలో పోలండ్‌ను నడిపిన కమ్యూనిస్టు నాయకుడు గొముల్కా మాత్రం 1936లో మళ్లీ పట్టుబడి పోలండ్ జైలులో ఉండడం వల్ల బతికి బయటపడ్డారు. ఈ వాక్యం రాస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

దీపాలు పెట్టే వేళకు మళ్లీ కూర్చుని కోషుత్స్కా వరుస నింపాను: 1876, 1939. పోలండ్ పార్టీ రద్దు నిరాధారమని 1956 ఫిబ్రవరిలో సోవియట్ పార్టీతో కలిపి ఐదు పార్టీలు ప్రకటించాయి. ఆ తేదీకి నా పట్టికలో గడి లేదు. పక్కన మార్జిన్‌లో రాశాను.