మడమ నొప్పికి వెళ్తే నా బరువు ఊరంతా తెలిసింది

నిన్న సాయంత్రం ఏడో నంబరు చెప్పులు కొనుక్కొచ్చాను. పెళ్లయిన దగ్గర్నుంచీ నాది ఆరే. ఈ ఒక్క నంబరు తెలుసుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేస్తే కుడి మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులకి సర్దుకునేది. స్టాఫ్‌రూమ్ వైద్యం ప్రకారం ఇటుక కాల్చి జిల్లేడాకు వేసి తొక్కాను. మడమ కమిలింది, నొప్పి అలాగే ఉంది.

అప్పుడు విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. పేరు రాయను. హాలు మధ్యలో బరువు మిషను. కాంపౌండరు ఎక్కమన్నాడు, ఎక్కాను. రాసుకునే అమ్మాయి హాలుకి ఆ చివర కూర్చుంది. "ఎనభై ఆరు!" అని అరిచాడు. ఆమెకి వినపడలేదు. "ఎంతా?" "ఎనభై ఆరు! ఎనిమిదీ ఆరూ!" బెంచీలన్నీ ఇటు తిరిగాయి. అందులో మా స్కూలు పిల్లాడి తల్లి. "అయ్యో మేడం, అంత ఉన్నట్టు కనపడరండి" అంది ఓదార్పుగా. దిగి ఎటు చూడాలో తెలియలేదు.

డాక్టరు చీటీలో ఆ అంకె చూశారు, నా కాలు చూడలేదు. చెప్పు కూడా విప్పించలేదు. ఎక్స్‌రే తీయించి, "ఎముక పెరిగింది, బరువు తగ్గండి" అని నొప్పి మాత్రలు రాశారు. రెండోసారి వెళ్లినా అదే మాట. "బరువు రెండు కాళ్ల మీదా ఉంది కదండీ, నొప్పి ఒక్క కాలికే ఎందుకు?" అన్నాను. "లెక్కల టీచరా?" అని నవ్వారు. నర్సులూ నవ్వారు. సోషల్ అండీ, అని వచ్చేశాను. ఇరవై ఎనిమిదేళ్లు బోర్డు ముందు నిలబడి పాఠం చెప్పినదాన్ని, ఒక్క ప్రశ్నకి జవాబు రాబట్టలేకపోయాను.

శ్రీకాకుళంలో మా తమ్ముడు చూపించిన ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం కింద కూర్చుని నా పాదం చేతిలోకి తీసుకుంది. కాలు తడిపి పేపరు మీద అడుగు వేయించింది. కృష్ణాష్టమికి మా అమ్మ పిడికిలి ముగ్గులో ముంచి వేసే పాదాలకి లోపలివైపు ఎంత చక్కటి వంపు ఉంటుందో! నాది పేపరు మీద అట్టు పోసినట్టు పడింది.

పాదంలో 26 ఎముకలట. వాటిని విల్లులా ఎత్తి పట్టుకునే కండరాల తాళ్లూ, ఎముకల్ని కలిపి కట్టే పట్టీలూ (లిగమెంట్లు) వయసుతో సాగుతాయి. విల్లు కుంగితే పాదం పొడవూ వెడల్పూ పెరుగుతుంది. మడమ కింద కొవ్వు మెత్త పలచబడుతుంది. రాత్రంతా బిగిసిన అరికాలి పట్టీ పొద్దున్న మొదటి అడుగుకి ఒక్కసారి లాగుతుంది, అదే ఆ మేకు. పెరిగిన ఎముక నొప్పి లేనివాళ్లకీ ఉంటుందట. బరువు వీటన్నిటినీ తొందరపెడుతుందని ఆమె కూడా చెప్పింది. కాకపోతే పాదం పట్టుకుని చెప్పింది.

మంచం దిగే ముందు తువ్వాలుతో మునివేళ్లు మీ వైపు లాక్కోండి. గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరగకండి. చెప్పులు సాయంత్రమే కొనండి, అప్పటికి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. చెప్పు విప్పమనని డాక్టరుకి రెండోసారి ఫీజు కట్టకండి.

ఇప్పుడు మేకు లేదు, సూదిపాటి ఉంది. బరువు 84. కొత్తగా ఉన్న ఆరో నంబరు చెప్పులు రెండు జతలు మా తోడికోడలికి ఇచ్చాను, దానికి నలభై ఒక్క ఏళ్లే. తొడుక్కుని నాలుగడుగులు వేసి, "బిగుతుగా ఉన్నాయక్కా" అంది.